చప్పట్లు సరే... చేతికి ఎంత మిగిలింది?

శనివారం వస్తే గిటార్ భుజాన వేసుకుని బయల్దేరేవాళ్లు మీ కాలేజీలోనూ ఉండే ఉంటారు. ఆ ఒకరు మీరే కావచ్చు. హైదరాబాద్, విశాఖ పబ్బుల్లో, కెఫేల్లో... సీజన్ మొదలైతే అనంతగిరి, అరకు రిసార్టుల్లో చలిమంట దగ్గర... హిట్ పాటలు వాయించి నాలుగు డబ్బులు తెచ్చుకునే కవర్ బ్యాండ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

ఇంట్లో అమ్మానాన్నలది ఒకటే పోరు: ‘ఉద్యోగం చూసుకోరా అంటే ఈ పాటలేంట్రా?’ ఫ్రెండ్స్‌ది ఇంకో మాట: ‘నీకున్న టాలెంట్‌కి ఉద్యోగం ఎందుకు మామా?’ నన్నడిగితే రెండు మాటల్లోనూ సగమే నిజం ఉంది. కవర్ బ్యాండ్ తప్పు పనేం కాదు. చదువుకునే వయసులో దొరికే మంచి శిక్షణల్లో అదొకటి. అయితే లెక్కా పత్రం, గడువు లేకుండా దాన్ని నడిపిస్తే డిగ్రీకీ ఉద్యోగానికీ మధ్య ఉన్న విలువైన రెండేళ్లు తెలియకుండానే కరిగిపోతాయి. పోయేది పాట కాదు, మీ టైమ్.

ఇది కొత్త దారేం కాదు

బ్యాండ్ అనే పేరు కొత్తదేమో గానీ పని పాతదే. వినాయక చవితి పందిళ్లలో, జాతరల్లో, పెళ్లిళ్లలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రాలు మన ఊళ్లలో దశాబ్దాలుగా ఉన్నాయి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మద్రాసులో ఇంజినీరింగ్ చదువుకుంటూనే పాటల పోటీలకు వెళ్లారు. 1966 డిసెంబరులో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసం తొలి సినిమా పాట రికార్డు చేశారు. తర్వాత ఆయన నడిపిన లైట్ మ్యూజిక్ ట్రూపులో వాయించినవాళ్లలో ఇళయరాజా, గంగై అమరన్ ఉన్నారు. ఇళయరాజా అంతకుముందే అన్నగారి ట్రూపుతో ఊరూరా తిరిగారు. సంగీత దర్శకుడిగా ఆయన తొలి సినిమా ‘అన్నక్కిళి’ వచ్చింది 1976లో.

బయటి ప్రపంచం చూసినా అంతే. బీటిల్స్ 1960 నుంచి 1962 దాకా జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రికి గంటల కొద్దీ వాయించారు. అందులో ఎక్కువ భాగం వేరేవాళ్ల పాటలే.

ఈ కథలు చెప్పి ‘చూశారా, మేమూ అంతే’ అనేవాళ్లకు ఒక్క మాట. ఇళయరాజా ట్రూపుతో ఆగిపోలేదు. మద్రాసు వచ్చాక ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు, జి.కె.వెంకటేష్ దగ్గర సహాయకుడిగా పనిచేశారు. మన కాలంలో రామ్ మిరియాల చౌరస్తా బ్యాండ్ నుంచి సినిమాల్లోకి వచ్చారు. ఆ బ్యాండ్‌ను జనం గుర్తుపెట్టుకున్నది సొంత పాటలతో. వీళ్లెవరూ వచ్చిన పాటలనే వాయించుకుంటూ కూర్చోలేదు. కొత్తది నేర్చుకున్నారు, లేదా సొంతది చేశారు. మీరు వాయించే ముప్పై పాటలు పోయినేడాది వాయించినవే అయితే మీకు పెరిగింది అనుభవం కాదు, అలవాటు.

కొండ మీద కచేరీ

విశాఖ నుంచి ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి. కాఫీ తోటలు, కటికి జలపాతం, అదే మండలంలో బొర్రా గుహలు. చలికాలంలో టూరిస్టులు పోటెత్తుతారు. రిసార్టులకు, టెంట్లు వేసే క్యాంపులకు రాత్రి పూట ఏదో ఒక కార్యక్రమం కావాలి. అక్కడే కాలేజీ బ్యాండ్లకు పిలుపు వస్తుంది.

పబ్‌లో వాయించడానికీ ఇక్కడ వాయించడానికీ చాలా తేడా. పబ్‌లో నాలుగు గోడలు, ఏసీ, సొంత సౌండ్ సిస్టమ్ ఉంటాయి. కొండ మీద మంచుకీ తేమకీ గిటార్ ట్యూనింగ్ నిలవదు, డోలక్ చర్మం మెత్తబడి గొంతు మారిపోతుంది. కరెంటు పోతే జనరేటర్ హోరు పాటను మింగేస్తుంది. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి లిరిక్స్ ఫోన్లో చూసుకుందాం అంటే కుదరదు. ‘డబ్బు ఫోన్‌పే చేస్తాంలే’ అన్న మాట కూడా కొండ దిగేదాకా మాటగానే మిగలొచ్చు.

ఇంకొకటి, టైమ్. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా స్పీకర్లు వాడకూడదు. ‘ఒక్క పాట తమ్ముడూ’ అని గెస్టులు అడుగుతారు. ఆ ఒక్క పాటకీ పోలీసులొస్తే మేనేజర్ చూపించేది మిమ్మల్నే. పది గంటలకు ఆపేస్తామని ముందే చెప్పి ఒప్పుకోండి.

కాగితం మీద లెక్క

ఒక రాత్రికి 15,000 రూపాయలకు ఒప్పుకున్నారనుకుందాం. ఐదుగురు సభ్యులు. వినగానే తలా 3,000 అనిపిస్తుంది. ఇప్పుడు ఖర్చులు తీసేయండి. విశాఖ నుంచి రానూపోనూ బండికి 5,000, స్పీకర్లు, మిక్సర్ అద్దెకు 3,000, తీగలు, తిండి, టీలకు 1,000. మిగిలింది 6,000. తలా 1,200.

ఇక గంటలు చూడండి. రెండు రిహార్సల్స్‌కి ఆరు గంటలు, సామాన్లు ఎక్కించి దించడంతో కలిపి ప్రయాణం ఆరు గంటలు, సౌండ్ చెక్‌కు రెండు, కచేరీకి రెండు. మొత్తం 16 గంటలు. అంటే గంటకు 75 రూపాయలు. ఇవన్నీ ఊహ లెక్కలే, మీ అంకెలు వేరే ఉంటాయి. కానీ మీ అంకెలు ఒక్కసారైనా ఇలా కాగితం మీద పెట్టి చూశారా?

గంటకు 75 అనగానే ‘అయితే మానేద్దాం’ అనక్కర్లేదు. ఆ డబ్బుతో పాటు మీకు ఇంకేం వస్తోందో చూసుకోవాలి. వస్తోంటే చేయండి. రాకపోతే మాత్రం తక్కువ జీతానికి రాత్రి డ్యూటీ చేస్తున్నట్టే.

బ్యాండ్ నేర్పేది

క్లాసులో ఎవరూ నేర్పని కొన్ని విషయాలు బ్యాండ్ నేర్పుతుంది. ముందువరసలో కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకుంటుంటే రెండో పాట మార్చేయాలని తెలుస్తుంది. డ్రమ్మర్ టెంపో పెంచేస్తే స్టేజి మీద మొహం మాడ్చుకోకుండా కంటిసైగతో సరిచేయడం తెలుస్తుంది. సింగర్‌కి గొంతు పట్టేస్తే అప్పటికప్పుడు రెండు మెట్లు దించి వాయించడం వస్తుంది. డబ్బు పెట్టేవాడితో మర్యాదగా బేరమాడటం వస్తుంది. ముఖ్యంగా, నచ్చని పాటను కూడా నవ్వుతూ వాయించడం వస్తుంది. ఉద్యోగంలో చేరాక ఇది ఎంత పనికొస్తుందో తర్వాత మీకే తెలుస్తుంది!

వీటిని ఇంటర్వ్యూలో చెప్పడం కూడా రావాలి. రెజ్యూమెలో అట్టడుగున ‘హాబీలు: సంగీతం’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘ఐదుగురు సభ్యుల బృందాన్ని రెండేళ్లు సమన్వయం చేశాను. ఇన్ని ప్రదర్శనలకు బుకింగ్, బడ్జెట్, ప్రయాణం చూసుకున్నాను’ అని రాయండి. ఆ ‘ఇన్ని’ దగ్గర నిజమైన అంకె ఉండాలి. అందుకే ఖాతా పుస్తకం కావాలి. లెక్క రాయనివాడికి చెప్పుకోవడానికి అంకె దొరకదు.

ఎక్కడ దెబ్బ తగులుతుంది?

మొదటి దెబ్బ క్యాలెండర్ దగ్గర. అనంతగిరి సీజన్ నవంబరు నుంచి జనవరి దాకా. చాలా కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు, క్యాంపస్ ప్లేస్‌మెంట్ల హడావుడి కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఆదివారం తెల్లవారుజామున ఘాట్ దిగి వచ్చి సోమవారం ఆప్టిట్యూడ్ టెస్ట్ రాస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సెమిస్టర్ మొదట్లోనే పరీక్షల, ఇంటర్వ్యూల తేదీలు గోడకి అంటించి, ఆ వారాలకు ‘బుకింగ్ లేదు’ అని రాసేయండి. ఐదుగురూ ఒప్పుకోవాలి. ఒప్పుకోని ఫ్రెండ్ ఉంటే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

రెండోది ఫ్రెండ్‌షిప్. బ్యాండ్లు శ్రుతి కలవక విడిపోవడం తక్కువ, డబ్బు దగ్గర విడిపోవడమే ఎక్కువ. యాంప్ కొన్నవాడికి అదనంగా ఇవ్వాలా? బుకింగ్ తెచ్చినవాడికి వాటా ఉందా? రిహార్సల్‌కి రానివాడికి సమానంగా ఎందుకివ్వాలి? వీటికి మొదటి కచేరీ కంటే ముందే జవాబులు రాసుకోండి. ‘మనలో మనకేంట్రా’ అన్న మాటతో మొదలైన బ్యాండ్ వాట్సాప్ గ్రూప్‌లో తిట్టుకోవడంతో ముగుస్తుంది.

మూడోది భద్రత. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మద్యం తాగడానికి కనీస వయసు 21. మీలో చాలామందికి అంతకంటే తక్కువే. తాగేవాళ్ల మధ్య పనిచేస్తున్నారు కాబట్టి ఒకటే నియమం: కచేరీ అయ్యేదాకా, బండి ఇంటికి చేరేదాకా ఎవరూ తాగకూడదు. బ్యాండ్‌లో అమ్మాయిలుంటే ఉండటానికి విడి గది, స్టేజికీ గెస్టులకూ మధ్య దూరం, కచేరీ అయ్యాక మీ తరఫున మాట్లాడే బాధ్యుడి పేరు... ఇవన్నీ బుకింగ్ మెసేజ్‌లోనే ఉండాలి. అర్ధరాత్రి మంచులో ఘాట్ దిగడం కంటే తెల్లారేదాకా ఉండటమే మేలు. ఆ ఖర్చు కూడా రేటులో కలపండి.

అడ్వాన్స్ సంగతి చెప్పక్కర్లేదు కానీ చెప్తాను. సగం ముందు తీసుకోండి, మిగతాది స్టేజి ఎక్కే ముందు. తేదీ, టైమ్, ఎంతసేపు, ఎంత డబ్బు, వసతి, తిండి... ఈ ఆరూ రాసి ‘ఓకే’ అని రిప్లై తెప్పించుకోండి. రాయడానికి ఒప్పుకోని చోట వాయించడానికి ఒప్పుకోవద్దు.

పాట ఎవరిది?

మీరు వాయించే ప్రతి సినిమా పాటకూ ఒక రచయిత, ఒక స్వరకర్త ఉన్నారు. 1957 కాపీరైట్ చట్టం వాళ్లకు హక్కు ఇచ్చింది. పెళ్లికి సంబంధించిన వేడుకలకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది, డబ్బు తీసుకుని కార్యక్రమం పెట్టే రిసార్టుకో పబ్బుకో లేదు. రచయితల, స్వరకర్తల తరఫున ఐపీఆర్ఎస్ అనే సంస్థ లైసెన్సులు ఇస్తుంది. మామూలుగా ఆ లైసెన్సు తీసుకోవాల్సింది కార్యక్రమం పెట్టేవాళ్లు. ‘అది మీరే చూసుకుంటారు కదా’ అని మెసేజ్‌లో ఒక్క లైను అడగండి చాలు. కవర్‌ను రికార్డు చేసి బయటకు వదలడం వేరే కథ. దానికి విడిగా అనుమతులు కావాలి.

అనంతగిరిలో ఇంకో పాట కూడా ఉంది. అదే చలిమంట చుట్టూ మీకంటే ముందు ధింసా బృందం ఆడుతుంది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు... ఆ దరువుకి చట్టంలో ఏ ఒక్కరి పేరూ లేదు, ఏ సంస్థా రాయల్టీ వసూలు చేయదు. నేను చూసినంతలో పోస్టరు మీద బ్యాండ్ పేరు పెద్దగా ఉంటుంది, ధింసా బృందం ఏ ఊరిదో ఒక మూలన కూడా రాయరు. ఆ తుడుము దరువును మీ గిటార్ పాటలోకి తెచ్చుకుంటే బాగుంటుంది, తప్పకుండా తెచ్చుకోండి. కానీ వాయించే తాతను పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన వాటా ఆయనకిచ్చి, మైకులో ఆయన పేరూ ఊరూ చెప్పి మరీ తెచ్చుకోండి. సినిమా పాటకి చట్టం అడుగుతుంది కాబట్టి ఇస్తాం. ఇక్కడ అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే గుర్తుపెట్టుకోవాలి.

అరకు, అనంతగిరి కుర్రాళ్లకు విడిగా ఒక మాట. విశాఖ నుంచి వచ్చే బ్యాండ్‌కు బండి ఖర్చుంది, మీకు లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మోరి వాయించేవాళ్లున్నారు, వాళ్లకు లేరు. టూరిస్టుకి సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది. మీ ఊరి పాట మీ ఊళ్లోనే దొరుకుతుంది. ముందు దాన్ని శ్రద్ధగా నేర్చుకోండి.

గడువు పెట్టుకోండి

చివరిగా నా సలహా ఇది. బ్యాండ్‌కు ఒక ఏడాది గడువు పెట్టండి. ఏడాది తర్వాత ఐదుగురూ కూర్చుని మూడే ప్రశ్నలు వేసుకోండి. కొత్తగా ఏం నేర్చుకున్నాం? ఖర్చులు పోను తలా ఎంత మిగిలింది? దీనివల్ల ఎవరి చదువో ఉద్యోగ ప్రయత్నమో దెబ్బతిందా? మొదటి రెండింటికీ మంచి జవాబు, మూడోదానికి ‘లేదు’ అని వస్తే ఇంకో ఏడాది కొనసాగండి. లేకపోతే అప్పులు తీర్చేసి, సామాన్లు పంచుకుని, స్నేహితులుగా విడిపోండి. ఉద్యోగం వచ్చాక కూడా శనివారాలు ఉంటాయి, గిటార్ ఎక్కడికీ పోదు.

సంగీతమే జీవితం అనుకునేవాళ్లకూ ఇదే లెక్క, కాకపోతే ఇంకా గట్టిగా. గురువు దగ్గర క్రమం తప్పకుండా నేర్చుకోండి. నెలకు ఒక్క సొంత పాటైనా పూర్తి చేయండి. సౌండ్ ఇంజినీరింగో సంగీతం టీచింగో, తిండి పెట్టే ఇంకో నైపుణ్యం పక్కన ఉంచుకోండి. ఈ వారం మీకు కచేరీ ఉంటే దాని లెక్కతోనే పుస్తకం మొదటి పేజీ మొదలుపెట్టండి.