వేపగింజకు గడువు

పోయిన సంచికలో డాబా మీద ఆకుకూరల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో షోలాపూర్ సోదరి ఒకరి ప్రశ్న నన్ను ఆపేసింది. ఆమె పుట్టింటి స్థలం అమ్మేశారు. ఈ వానాకాలం దాటితే పెరట్లో వేపచెట్టు ఉండదు. రెండేళ్లుగా ఆ చెట్టు గింజలు తెచ్చి, డబ్బాలో దాచి, దీపావళి వెళ్లాక తీరిక చూసుకుని కుండీలో నల్లమట్టి నింపి నాటారట. ఒక్కటీ మొలవలేదు. గింజల్లోనే దోషమా అని అడిగారు.

కామర్స్ చదివి బ్యాంకులో కూర్చునేవాణ్ణి కనుక నాకు ముందు గడువే కనిపించింది. 2012 ఏప్రిల్ నుంచి చెక్కుకు మూడు నెలలే చెల్లుబాటు. వేపగింజ అంతకాలం కూడా ఆగదు. ఇంట్లో మామూలుగా ఉంచితే రెండు మూడు వారాలకే మొలకశక్తి బాగా పడిపోతుంది. చింతగింజ అలా కాదు. గట్టి పెంకు ఉంది కాబట్టి నెలల తరబడి దాచుకుని, నాటేముందు ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెడితే చాలు. వేపగింజను డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపలి తేమకు బూజు పడుతుంది. అనుమానం ఉంటే ఒక గింజను కోసి చూడండి. పప్పు పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగుకు తిరిగితే లేనట్టు.

ఇక వేడి. మట్టిలో 25 నుంచి 35 డిగ్రీల వేడి ఉంటే వేప ఒకటి నుంచి మూడు వారాల్లో మొలుస్తుంది. చలి రాత్రులు మొదలయ్యాక గింజ కదలదు. తడిమట్టిలో ఊరికే పడి ఉండి కుళ్లిపోతుంది. 900 మీటర్ల ఎత్తున్న బెంగుళూరులో జులై మబ్బులకే ఈ ఇబ్బంది వస్తుంది. అక్కడివాళ్లు కుండీని ఎండ తగిలే గోడ వారన పెట్టి, పైన పల్చటి పాలిథిన్ కాగితం కప్పాలి. చెన్నైలో దీనికి తలకిందులు. జూన్ మధ్యాహ్నం సిమెంటు డాబా మీద నల్ల సంచిలో మట్టి ఉడికిపోతుంది, నీడకు జరపాలి.

మట్టి సంగతి చాలామంది పట్టించుకోరు. గింజకూ ఊపిరి కావాలి. నల్లరేగడి నీళ్లు పట్టి ఉంచి గాలి ఆడనివ్వదు. యానాం ఒండ్రుమట్టి తడిసి ఆరితే పైన అట్ట కడుతుంది. ఒట్టి ఇసుకలో గాలి ఆడుతుంది గాని మధ్యాహ్నానికల్లా ఆరిపోతుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. పచ్చిపేడ మాత్రం వద్దు, మాగేటప్పుడు పుట్టే వేడికి మొలక మాడిపోతుంది.

ఆ సోదరికి నేను రాసిందిదే. చెట్టు కింద పండ్లు పసుపురంగుకు తిరిగి రాలుతున్నాయని ఊరి నుంచి కబురు రాగానే బయలుదేరండి. ఏరిన రోజే గుజ్జు పిసికి కడిగేయండి. రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, ఆ వారంలోనే అంగుళానికి మించని లోతులో అడ్డంగా పరిచి నాటండి. ముప్ఫై, నలభై గింజలైనా వేయండి. తల్లివేరు త్వరగా దిగుతుంది కాబట్టి సంచి పొడుగుగా ఉండాలి.

పూత చూడడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. అందాకా ఉగాది పచ్చడికి పువ్వు పక్కింటివాళ్లనే అడగాలి.