ఇంటి లెక్కలు: రసీదు ఎవరి పేరున?

మొన్న శుక్రవారం పొద్దున్నే నల్లకుంట మార్కెట్లో గోంగూర కట్టలు ఏరుతున్నాను. పక్కింటి పిన్నిగారు సంచీ పట్టుకుని వచ్చి, "అమ్మాయ్, వచ్చే నెల్లో మీ బాబాయిగారి తిథి. ఈసారి అన్నదానానికి పాతిక వేలు ఇద్దామనుకుంటున్నా. రసీదు మా అబ్బాయి పేరున రాయించనా? వాడికి టాక్సులో కలిసొస్తుంది కదా" అన్నారు.

"డబ్బెవరిది పిన్నిగారూ?"

"నాదే. పెన్షన్లోంచి దాచుకున్నది."

"అయితే కాస్త ఆగండి" అన్నాను. ఎందుకు ఆగమన్నానో తెలియాలంటే నేను పోగొట్టుకున్న పదిహేను వేల సంగతి మీకు చెప్పాలి.

మా అమ్మ పోతూ పోతూ నాకు రెండు వాటాల ఇల్లు, కొంత బ్యాంకు డిపాజిట్టు ఇచ్చిపోయింది. ఆ అద్దె, ఆ వడ్డీ పుణ్యమా అని నాకూ ఓ పాన్ కార్డు, ఏటా ఓ రిటర్ను. 2022 జనవరిలో అమ్మ ఆబ్దికానికి ఒక అన్నదాన సంస్థకి ఇరవై వేలు ఇచ్చాను. చెక్కు నాదే. అక్కడి గుమాస్తా "ఇంటి యజమాని పేరు చెప్పండమ్మా" అన్నాడు. అలవాటు కొద్దీ మావారి పేరు, ఆయన పాన్ నంబరు చెప్పేశాను. గుళ్లో గోత్రం అడిగినా ఆయనదే కదా చెబుతాం!

జూలైలో రిటర్ను వేయించడానికి వెళితే ఆడిటరు గారు కాగితాలన్నీ చూసి, "ఈ రసీదు మీ పేరున ఉండుంటే మీకు ఒక్క పైసా టాక్సు పడేది కాదమ్మా" అన్నారు. నా గుండె గుభేలుమంది.

లెక్క చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి. మిగతా తగ్గింపులన్నీ పోగా ఆ ఏడాది నా ఆదాయం 5,10,000 రూపాయలు తేలింది. అప్పటి నిబంధన ప్రకారం పన్ను వేసే ఆదాయం ఐదు లక్షలు దాటకపోతే 12,500 వరకు పన్ను మాఫీ. దాన్నే రిబేటు అంటారు. ఐదు లక్షల గీత మీద ఒక్క పది రూపాయలు ఎక్కినా ఆ రిబేటు మొత్తం పోతుంది. నేను గీత దాటింది పదివేలే. పన్ను మాత్రం 12,500, పైన పదివేలకి 2,000, దాని మీద సెస్సు 580, వెరసి 15,080 పడింది.

దానానికీ దీనికీ సంబంధం ఏంటంటారా? గుర్తింపు ఉన్న చాలా సంస్థలకి ఇచ్చిన విరాళంలో సగం మన ఆదాయంలోంచి తీసేస్తారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో అది 80జి సెక్షను. నేనిచ్చిన ఇరవై వేలలో సగం పదివేలు తీసేస్తే నా ఆదాయం సరిగ్గా ఐదు లక్షలు. రిబేటు వచ్చేది, పన్ను సున్నా అయ్యేది. అదే రసీదు నిజంగా మావారి డబ్బుతో ఆయన పేరునే ఉన్నా, ఇరవై శాతం పన్ను కట్టే ఆయనకి మిగిలేది 2,080 రూపాయలే. తీరా చూస్తే ఆ కాస్తా కూడా దక్కలేదు. డబ్బు నా ఖాతాది, రసీదు ఆయన పేరున. అలా కుదరదన్నారు ఆడిటరు గారు. రసీదు మార్చమని సంస్థకి వెళ్లి అడిగితే, "ఒకే ఇంట్లోవాళ్లు, ఎవరి పేరైతే ఏంటమ్మా" అని పంపేశారు.

ఏంటంటే, మన దేశంలో ఆదాయపు పన్నుకి మొగుడూ పెళ్లాం ఒకటి కాదు. ఎవరి రిటర్ను వారిదే. ఒకప్పుడు, 1955-56 బడ్జెట్లో సి.డి. దేశ్‌ముఖ్ గారు పెళ్లయినవారికి 2,000 రూపాయల దాకా, కానివారికి 1,000 దాకా పన్ను లేకుండా చేశారట. ఆ తేడా తరవాత పోయింది. ఆడవాళ్లకని కొంత ఎక్కువ మినహాయింపు ఉండేది, అదీ 2011-12తో సరి. బ్రిటన్‌లో మాత్రం 1935 ఏప్రిల్ 6కి ముందు పుట్టినవారున్న జంటలకి ఇప్పటికీ ప్రత్యేక మినహాయింపు ఉంది. అక్కడ కూడా దానం చేస్తే లెక్కలోకొచ్చే ఆదాయం తగ్గి, ఆ మినహాయింపు పెరిగే వీలుంటుంది. దానానికీ రాయితీకీ ముడి అన్నిచోట్లా ఉన్నట్టే ఉంది!

ఇప్పుడు ఇంకో మెలిక వచ్చింది. 2023-24 నుంచి, మనం ప్రత్యేకంగా పాత పద్ధతి కావాలంటే తప్ప, కొత్త పద్ధతిలోనే లెక్క కడతారు. అందులో 80జి తగ్గింపు లేదు. 2025-26కి కొత్త పద్ధతిలో పన్నెండు లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఇచ్చి పన్ను లేకుండా చేశారు. షేర్ల లాభాల్లాంటివి వేరే లెక్క. ఆదాయం పన్నెండు లక్షలు కొంచెం దాటితే, పన్ను ఆ దాటినంత మించకుండా సర్దుబాటు ఉంది గానీ, దానం చేసి ఆ గీత కిందికి దిగుదామంటే కుదరదు. పాత పద్ధతిలో ఉన్నవారికే ఈ దానం లెక్క పనికొస్తుంది. అంచేత ఏ పద్ధతి లాభమో రెండూ వేసి చూసుకోవాలి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు కూడా మారాయి. రిటర్ను వేసేటప్పుడు ఆడిటరు గారిని ఓ మాట అడగండి.

దానం చేసేముందు ఇవి గుర్తుంచుకోండి:

* డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్తే రసీదు వారి పేరునే, వారి పాన్‌తోనే రాయించండి.

* రెండు వేలు దాటిన విరాళం నగదుగా ఇస్తే తగ్గింపు రాదు. చెక్కు గానీ, ఫోన్లో గానీ పంపండి.

* బియ్యం బస్తాలు, బట్టలు, దుప్పట్లు ఇస్తే పుణ్యమే, పన్ను లెక్కలోకి రావు. హుండీలో వేసినదీ అంతే.

* 2021-22 నుంచి సంస్థ ఇచ్చే విరాళం సర్టిఫికెట్టు కావాలి. ఏడాది కాగానే అడిగి తీసుకుని పేరు, నంబరు సరిచూసుకోండి.

* ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి సహాయనిధులకి ఇస్తే పూర్తి మొత్తం తగ్గుతుంది. చాలా సంస్థలకి సగమే, అది కూడా ఆదాయంలో పదో వంతు విరాళం వరకే లెక్కిస్తారు.

* భర్త ఊరికే ఇచ్చిన డబ్బు మీద భార్యకి వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు. పేరు మారిస్తే పన్ను తప్పుతుందనుకోకండి.

ఇంతకీ పిన్నిగారి సంగతి. మార్కెట్లోంచే వాళ్లబ్బాయికి ఫోన్ చేయించాను. అతను ఆఫీసులో కొత్త పద్ధతే ఎంచుకున్నాడట. అంటే ఆవిడ డబ్బుతో, అబ్బాయి పేరున రసీదు రాయిస్తే ఎవరికీ దమ్మిడీ లాభం లేదు! పిన్నిగారి పెన్షన్‌కి ఎలాగూ పన్ను పడదు.

"అయితే ఎవరి పేరున రాయించినా ఒకటేగా?" అన్నారు.

"టాక్సుకి ఒకటే పిన్నిగారూ. దానం చేసింది ఎవరు?"

ఆవిడ ఒక్క క్షణం ఆగి, గోంగూర కట్ట సంచీలో వేసుకుంటూ, "నలభయ్యేళ్ల కాపురంలో నా పేరున ఒక్క రసీదు లేదమ్మా" అన్నారు.

ఆ సాయంత్రమే వెళ్లి చెక్కు ఇచ్చొచ్చాం. రసీదు మీద ఆవిడ పేరుంది. ఇంటికొచ్చి దేవుడి దగ్గర పెట్టుకున్నారు.