ఒక యూనివర్సిటీ, మూడు స్టేషన్లు

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా వైపు వెళ్లే ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే, సీతాఫల్‌మండి దాటాక వరసగా మూడు స్టేషన్లు వస్తాయి: ఆర్ట్స్ కాలేజీ, జామై ఉస్మానియా, విద్యానగర్. సంచి సర్దుకుని కూర్చునేలోపే మూడూ దాటిపోతాయి. జామియా అంటే అరబ్బీలో విశ్వవిద్యాలయం, జనం నోళ్లలో నలిగి జామై అయింది. ఒక పేరు ఇంగ్లీషుది, ఒకటి ఉర్దూది, ఒకటి మనది (సంస్కృతం దగ్గర అప్పు తెచ్చుకున్నదే అనుకోండి). మూడూ ఉస్మానియా చుట్టుపక్కలవే. పెద్ద చదువు ఏ భాషలో చెప్పాలి అనే తగువు ఈ పేటలో వందేళ్లుగా నడుస్తోంది. ఆ తగువులోని మూడు పక్షాలూ నాకు ఆ బోర్డుల మీదే కనబడతాయి.

మొదటి స్టేషన్లో దిగితే ఆర్ట్స్ కాలేజీకి నడిచిపోవచ్చు. కట్టడానికి ముందు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పుల్ని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. నమూనా గీసింది బెల్జియం వాడు ఎర్నెస్ట్ జాస్పర్. కైరో పక్కన హీలియోపోలిస్‌లో పనిచేసిన అనుభవం ఆయనది. 1934లో శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరులో తలుపులు తెరిచారు. గులాబీ గ్రానైట్. ఎత్తయిన కమాను కింద నిలబడితే మసీదు గుర్తొస్తుంది, స్తంభాల దగ్గరికి వెళితే అజంతా ఎల్లోరాలు గుర్తొస్తాయి. క్యాంపస్‌ను ఆనుకున్న మాణికేశ్వరి నగర్‌ను జనం నేటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. రాయి కొట్టడం వడ్డెరల కులవృత్తి. గైడ్లు జాస్పర్ పేరు చెప్పి ఊరుకుంటారు. నేనైతే ఆ బస్తీని కూడా చూసి రమ్మంటాను.

అసలు కథ రెండో స్టేషన్‌ది. యూనివర్సిటీ పుట్టిన ఏడు 1918 అని రాసుకుంటారు, నూరేళ్ల పండుగ మాత్రం 2017 ఏప్రిల్లో చేసుకున్నారు. స్థాపించమని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చింది 1917 ఏప్రిల్లో కదా, దాన్ని బట్టి లెక్క. తేదీ సంగతి అలా ఉంచితే, దేశంలోని విశ్వవిద్యాలయాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో పాఠాలు చెబుతున్న రోజుల్లో ఇక్కడ ఉర్దూలో చెబుతామన్నారు. అనడంతో ఆగలేదు. క్లాసులు మొదలవకముందే దారుల్ తర్జుమా పేరుతో అనువాద శాఖ పెట్టి, మౌల్వీ అబ్దుల్ హక్ చేతికిచ్చారు. చరిత్ర, న్యాయం, భౌతికశాస్త్రం, వైద్యం, ఒకటేమిటి, అన్నిటికీ పుస్తకాలు, పారిభాషిక పదాలు అక్కడే తయారయ్యాయి. కవి జోష్ మలీహాబాదీ కూడా కొన్నేళ్లు ఆ శాఖలో జీతం తీసుకున్నాడు, ఆనక నిజాం ఆగ్రహానికి గురై హైదరాబాదు విడిచాడు. ఇక్కడ డాక్టరు చదువు కూడా ఉర్దూలోనే సాగింది. సైన్సు మన భాషల్లో కుదరదని నవ్వేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదొక్కటే.

అయితే దీన్ని మాతృభాషా విద్య అని పొగిడేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఎవరి మాతృభాష? హైదరాబాదు సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లల్లో మాట్లాడుకున్నది తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడం. తెలంగాణ పల్లె పిల్లవాడికి ఇంగ్లీషు ఎంత పరాయిదో గ్రాంథికపు ఉర్దూ ఇంచుమించు అంతే పరాయిది. ఉస్మానియాలో తెలుగు ఒక శాఖగా ఉండేది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన రాయప్రోలు సుబ్బారావు దానికి పెద్దగా ఉండి ఎందరికో పాఠం చెప్పారు. కానీ తెలుగు నేర్చుకోవడం వేరు, తెలుగులో నేర్చుకోవడం వేరు.

1938లో ఉస్మానియా హాస్టల్ ప్రార్థన గదుల్లో విద్యార్థులు వందేమాతరం పాడారు. వద్దన్నారు, వినలేదు, బహిష్కరించారు. వాళ్లలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. ఆ వెళ్లినవాళ్లలో ఒకరు పి.వి. నరసింహారావు. పదేళ్లు తిరిగేసరికి సంస్థానమే పోయింది, బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది. ఉర్దూ కోసం అనువదించిన పుస్తకాలకు చదివేవాళ్లు కరువయ్యారు. మారవలసింది తెలుగులోకి. మారిపోయింది ఇంగ్లీషులోకి, అదీ రాత్రికి రాత్రి! 1958లో ఇంగ్లీషు బోధన కోసం కేంద్రం ప్రత్యేకంగా ఒక సంస్థను హైదరాబాదులో పెట్టింది. నేటి ఇఫ్లూ అదే, ఉస్మానియాకు పక్కింటిది. ఇంగ్లీషుకు ఇల్లయిన ఈ అడిక్‌మెట్ నేల ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరు. ఆమె పోయింది 1824లో. ఆమె మెట్లబావి ఒకటి ఇంకా ఇక్కడే ఉంది.

విద్యానగర్ వచ్చేసింది, దిగుదాం. ఇక తెలుగు వంతు. 1968లో ఉన్నత విద్యకు తెలుగులో పుస్తకాలు తేవాలని తెలుగు అకాడమీ పెట్టారు. దానికి తొలి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆనాడు నాగపూర్ వెళ్లిన ఆ కుర్రాడే. అకాడమీ పుస్తకాలు చెడ్డవని నేననను, కొన్ని బంగారం లాంటివి. కానీ దారుల్ తర్జుమాకు వెనక ఒక విశ్వవిద్యాలయం మొత్తం ఉంది, పుస్తకం అచ్చయితే క్లాసులో చెప్పి తీరాలి. తెలుగు పుస్తకానికి ఆ ఊతం దక్కలేదు. డిగ్రీ దాకా వచ్చి, పీజీ సైన్సు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

ఈ వీధుల్లో ఏ స్టడీ హాల్లోకి తొంగిచూసినా బల్లల మీద అకాడమీ పుస్తకాలు కనిపిస్తాయి. నలిగి, అట్టలు చిరిగి, గీతలు గీసి. చదివేది గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు.