రుజువు కోసం రాబందులు చావాలా?

పశువైద్యంలో నిమెసులైడ్ అనే నొప్పి మందు వాడకాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ నిషేధించింది. ఈ ఉత్తర్వును స్వాగతించాల్సిందే. కానీ సంబరపడే పరిస్థితి లేదు. 2006లో డైక్లోఫెనాక్‌, 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌, 2024 చివర్లో నిమెసులైడ్. రాబందుల ప్రాణం తీస్తున్న నాలుగు మందులను ఆపడానికి ఈ దేశానికి 18 ఏళ్లు పట్టింది. ఐదోదైన ఫ్లునిక్సిన్ మాటేమిటని అడిగితే పాత సమాధానమే వినిపిస్తోంది: హాని చేస్తుందని శాస్త్రీయంగా రుజువైతేనే కదా నిషేధించగలం!

ఔషధ పరిశ్రమ ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఇది. అధికార యంత్రాంగం దానికి తలూపుతూ వస్తోంది. వినడానికి న్యాయంగా తోస్తుంది గనుకే ఇది ఇంతకాలం చెల్లుబాటయింది. రాబందుల విషయంలో ఇంతకన్నా నిజాయతీ లేని వాదన మరొకటి లేదు.

అసలు రుజువు ఎలా దొరుకుతుందో చూడండి. నొప్పికో జ్వరానికో సూది వేసిన గొడ్డు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే, దాని కళేబరాన్ని ఊరవతల పారేస్తారు. దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు రోజుల వ్యవధిలో దెబ్బతింటాయి. రక్తంలో యూరిక్ యాసిడ్ పేరుకుపోతుంది. తల వేలాడేసుకుని కొమ్మ మీద కూర్చున్న పక్షి చివరికి కిందపడి చనిపోతుంది. కోసి చూస్తే గుండె, కాలేయం, మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. ఈ పక్షి అడవిలో ఎవరి కంటా పడకపోతే రుజువు లేదు. కుళ్లిపోయాక కంటపడితే రుజువు లేదు. కణజాలం చెడకుండా ప్రయోగశాలకు చేరకపోయినా రుజువు లేదు. రాబందుల సంఖ్య తగ్గేకొద్దీ దొరికే కళేబరాలూ తగ్గుతాయి. జాతి అంతరించే దశకు చేరినకొద్దీ మందు నిర్దోషిగా కనిపించడం మొదలవుతుంది. చచ్చిన పక్షి దొరకలేదు కాబట్టి మందు మంచిదేనని వాదించేవారు, చావడానికి పక్షులే మిగల్లేదన్న సంగతిని దాచిపెడుతున్నారు.

పోనీ, రుజువు దొరికినప్పుడైనా కదిలారా? కీటోప్రొఫెన్ రాబందులను చంపుతుందని దక్షిణాఫ్రికాలో జరిపిన ప్రయోగాలు 2010 నాటికే తేల్చాయి. మన దేశంలో నిషేధం వచ్చింది 2023లో. పశువు ఒంట్లోకి వెళ్లిన అసిక్లోఫెనాక్ డైక్లోఫెనాక్‌గా మారుతుందని తేలిన తర్వాత కూడా అది ఏళ్ల తరబడి దుకాణాల్లో అమ్ముడుపోయింది. డైక్లోఫెనాక్‌ను నిషేధించి, అదే మందుగా మారేదాన్ని అమ్మనివ్వడం ఏ శాస్త్రం? దేహంలో నిమెసులైడ్ అవశేషాలతో, అవే లక్షణాలతో తెల్లవీపు రాబందులు చనిపోయాయని 2016లోనే పరిశోధకులు ప్రకటించారు. ఉత్తర్వుకు మరో ఎనిమిదేళ్లు పట్టింది. రుజువు లేక ఆలస్యమైందన్న మాట పచ్చి అబద్ధం. రుజువులు బల్ల మీద ఉండగానే ఏళ్లు దొర్లిపోయాయి.

ఫ్లునిక్సిన్‌దీ ఇదే కథ. అడవిలో చనిపోయిన గ్రిఫన్ రాబందు దేహంలో ఈ మందు అవశేషాలు ఉన్నట్టు స్పెయిన్ శాస్త్రవేత్తలు దశాబ్దం కిందటే గుర్తించారు. ఇంకెన్ని పక్షుల చావులు కావాలి? ఆ సంఖ్య ఎంతో రుజువు అడిగేవారే చెప్పాలి.

ఈ వాదనలో మరో దగా ఉంది. మందు మార్కెట్లోకి వచ్చేటప్పుడు రాబందులకు హాని చేయదని నిరూపించాల్సిన బాధ్యత తయారీదారు మీద లేదు. వచ్చాక హాని చేస్తుందని నిరూపించే భారమేమో పక్షి శాస్త్రవేత్తల మీద, స్వచ్ఛంద సంస్థల మీద పడుతోంది. లాభం ఒకరిది, రుజువు ఖర్చు మరొకరిది, ప్రాణం రాబందుది. కంపెనీ సొంత ఖర్చుతో ముందే చేయించాల్సిన పరీక్షను దేశంలోని అడవుల మీద చేయిస్తున్నారు. ఆ పరీక్ష ఫలితం డైక్లోఫెనాక్‌తో ఇప్పటికే ఒకసారి చూశాం. 1992, 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం నశించాయి. ఒకప్పుడు భరత్‌పూర్ నుంచి మన పల్లెల దాకా ఊరి బయట గుంపులుగా వాలిన పక్షి అది.

తక్కువ పశువులకే వాడుతున్నారు కాబట్టి భయం లేదని సర్దిచెప్పే వారూ ఉన్నారు. వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువ విషపూరితమైనా జాతి మొత్తం కూలిపోవడానికి సరిపోతుందని 2004లోనే లెక్క కట్టారు. ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో వాలే పక్షులివి. ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. పిల్ల పెరిగి జత కట్టడానికి ఐదేళ్ల దాకా పడుతుంది. ఒక గుంపు పోతే ఆ లోటు పూడటానికి ఒక తరం చాలదు.

బాధతో మూలిగే పశువుకు మందు కావాలన్న రైతు మాట నూటికి నూరుపాళ్లు నిజం. అందుకు మెలాక్సికామ్ ఉంది, టోల్ఫెనమిక్ యాసిడ్ ఉంది. రెండూ రాబందులకు సురక్షితమని పరీక్షల్లో తేలినవే.

నిషేధం కాగితం మీద ఉంటే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. పశువులకు డైక్లోఫెనాక్‌ను ఆపాక మనుషుల కోసమంటూ 30 మిల్లీలీటర్ల సీసాలు దుకాణాల్లోకి దిగాయి. మనిషికి వేసే సూదికి 3 మిల్లీలీటర్లు చాలు. ఆ పెద్ద సీసా ఎవరి కోసమో అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. 2015లో ఆ సీసాలను నిషేధిస్తే కంపెనీలు కోర్టుకెక్కాయి. 2017లో మద్రాసు హైకోర్టు నిషేధాన్ని సమర్థించేదాకా పట్టు వీడలేదు.

రాబందులు పోతే మనకేం నష్టమన్న ప్రశ్నకు ఆర్థికవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో జవాబిచ్చారు. కళేబరాలు కుళ్లి, నీళ్లు కలుషితమై, వీధికుక్కలు పెరిగి, 2000 నుంచి 2005 మధ్య ఐదేళ్లలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారన్నది వారి అంచనా. రుజువు కోసం ఆగుదామన్నవారు ఈ చావుల లెక్క కూడా చూడాలి.

తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద పొడవుముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయని 2013లో తెలిసినప్పుడు ఎంత ఆనందించాం! గుట్టకు కాపలా పెట్టవచ్చు. కానీ మేత కోసం రోజుకు పదుల కిలోమీటర్లు ఎగిరే పక్షి ఏ ఊరి చివర ఏ కళేబరం మీద వాలుతుందో ఏ కాపలాదారు చూడగలడు? గుట్ట మీద పక్షి బతకాలంటే ఊళ్లోని పశువుల మందుల సీసా మారాలి.

ఇదంతా కేంద్రానికి తెలియనిది కాదు. రాబందులకు హాని చేస్తుందని తేలిన ఏ మందైనా పశువైద్యం నుంచి దానంతటదే తొలగిపోయే ఏర్పాటును ఔషధ నియంత్రణ సంస్థ చేయాలని 2020లో పర్యావరణ శాఖ విడుదల చేసిన రాబందుల సంరక్షణ ప్రణాళికే చెప్పింది. ఆ ప్రణాళిక గడువు 2025. ప్రభుత్వం తాను రాసుకున్న మాటను తానే అమలు చేయలేదు. ఒక్కో మందుకు ఒక్కో ఉత్తర్వు, ఒక్కో పోరాటం తప్పడం లేదు.

ఫ్లునిక్సిన్‌ను ఇప్పుడే ఆపాలి. పశువులకు వాడే ఏ కొత్త నొప్పి మందుకైనా రాబందులపై భద్రతా పరీక్ష పూర్తయ్యాకే లైసెన్సు ఇవ్వాలి. ఆ పరీక్ష ఖర్చు కంపెనీయే భరించాలి. కేంద్రం కదిలేదాకా తెలుగు రాష్ట్రాలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. కీటోప్రొఫెన్‌పై దేశవ్యాప్త నిషేధం రాకముందే తమిళనాడు నీలగిరి పరిసర జిల్లాల్లో దాని వాడకాన్ని ఆపింది. మన పశుసంవర్ధక శాఖలు ఆస్పత్రులకు కొనే నొప్పి మందుల జాబితాలో రాబందులకు సురక్షితమని తేలినవాటికే చోటివ్వాలి. వచ్చే కొనుగోలు నుంచే ఆ పని మొదలుపెట్టవచ్చు. అందుకు ఢిల్లీ అనుమతి అవసరం లేదు.