పది రోజుల పూత, పదుల ఏళ్ళ చెట్టు

1910 జనవరిలో టోక్యో నగరం స్నేహ కానుకగా పంపిన రెండు వేల చెర్రీ మొక్కలు అమెరికా రాజధాని వాషింగ్టన్ చేరుకున్నాయి. వ్యవసాయశాఖ నిపుణులు వాటిని పరీక్షించి, పురుగులూ తెగుళ్ళూ పట్టి ఉన్నాయని తేల్చారు. అధ్యక్షుడు టాఫ్ట్ సమ్మతితో ఆ నెలాఖరుకే మొక్కలను తగులబెట్టారు. మిత్రదేశపు కానుకను కాల్చివేయడం ఎంత ఇబ్బందికరమైనా వెనుదీయలేదు. అనంతరం టోక్యో శ్రద్ధతో సిద్ధం చేసి పంపిన 3,020 మొక్కలు పరీక్షకు నిలిచాయి. వాటిలో మొదటి రెండింటిని 1912 మార్చి 27న అధ్యక్షుని సతీమణి, జపాన్ రాయబారి సతీమణి నాటారు. నేడు ప్రతి వసంతంలోనూ జనం తండోపతండాలుగా వెళ్ళి చూసే పూలసిరికి అదే నాంది.

ఒక ప్రభుత్వం చూపిన ఈ జాగ్రత్తను, పెరటిలో ఒక్క చెట్టు నాటదలచిన గృహస్థు తరచు చూపడు. అమెరికాలోగాని, ఇంగ్లండులోగాని ఏప్రిల్ మాసంలో నర్సరీకి వెళ్ళినవానికి కొమ్మ కనబడకుండా విరగబూసిన మొక్క ఎదురవుతుంది. అడిగిన ధర ఇచ్చి తెచ్చుకుంటాడు. ఆ పూత నిలిచేది వారం, పది రోజులు. చెట్టు నిలిచేది ఇరవై, ముప్పై ఏళ్ళు. ఒక్కొక్కప్పుడు అంతకు మించి. కనుక పూవు అందంతో పాటు, పూలు రాలిన తర్వాత మిగిలే చెట్టు ఎటువంటిదో కూడా కొనే ముందే విచారించాలి.

మొదట తేల్చుకోవలసింది చెట్టు పరిమాణం. ముద్ద గులాబీరంగు పూల 'కన్‌జాన్' లేతవయసులో కొమ్మలు పైకి నిక్కించి ఒద్దికగా కనిపిస్తుంది. వయసు వచ్చేసరికి కొమ్మలు పక్కలకు చాచి, ఎనిమిది, పది మీటర్ల వెడల్పుకు వ్యాపిస్తుంది. తెల్లని పూల 'యోషినో' కూడా విశాలంగా విస్తరించేదే. గోడకు రెండు మీటర్ల దూరంలో నాటిన ఇటువంటి చెట్టును కొన్నేళ్ళకు అడ్డదిడ్డంగా నరకవలసి వస్తుంది. ఇరుకు పెరటికి 'అమనోగావా' తగినది. జపాను భాషలో ఆ మాటకు ఆకాశగంగ అని అర్థం. అది స్తంభంలా నిటారుగా పెరిగి కొద్దిచోటులోనే సర్దుకుంటుంది. పూత ఒక్కసారిగా ముగిసిపోకూడదని కోరుకునేవారికి 'ఆటమ్నాలిస్' ఉన్నది. నవంబరు మొదలు మార్చి వరకు, చలి కాస్త తగ్గినప్పుడల్లా అది కొద్దికొద్దిగా పూస్తూనే ఉంటుంది.

రెండవది అంటు. పేరుగల చెర్రీ రకాలు గింజ నుండి యథాతథంగా రావు, అంటుకట్టి పెంచవలసిందే. దీని విలువను తెలిపే ఉదంతం ఒకటి ఉన్నది. 1923లో కాలింగ్‌వుడ్ ఇన్‌గ్రామ్ అనే ఆంగ్లేయుడు ససెక్స్ ప్రాంతపు తోటలో, చావుకు సిద్ధంగా ఉన్న ఒక చెర్రీని చూశాడు. దాని పెద్ద పెద్ద తెల్లని పూలకు ముగ్ధుడై కొమ్మలు తెచ్చి అంటుకట్టాడు. 1926లో జపాన్ వెళ్ళినప్పుడు, తమ దేశంలో అంతరించిపోయిందంటూ అక్కడి నిపుణుడొకరు చూపిన ఒక పాత చిత్రంలో అతనికి అదే పూవు కనిపించింది. 'తాయ్‌హకు' అనే ఆ రకం 1932లో తిరిగి స్వదేశం చేరింది. ఒక్క చెట్టు నుండి తీసిన అంట్లే ఒక జాతిని నిలిపాయి.

అందువల్ల కొనేవారు అంటు అతికిన చోటును వేలితో తడిమి చూడాలి. అక్కడ పగులు ఉండరాదు, బంక కారరాదు. అతుకు కిందనుండి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయకపోతే, అడుగు మొక్క బలిసి పై రకాన్ని అణచివేస్తుంది. కొమ్మలు కిందికి వేలాడే రకాలలో మరొక మెలకువ అవసరం. వాటిని తరచు నిలువు కాండం కొసన అంటుకడతారు. ఆ కాండం తర్వాత పొడవు పెరగదు. కొన్ననాటి ఎత్తు నుండే కొమ్మలు వేలాడుతాయి.

మూడవది వేరు. కుండీ నుండి మొక్కను జారదీసి చూపమని అడగడానికి మొహమాటపడనవసరం లేదు. వేళ్ళు కుండీ గోడ వెంట గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్కను వదిలివేయడమే మేలు. చెర్రీ వేళ్ళు నేలపైపైనే పాకి కాలిబాట పలకలను ఎత్తివేయగలవు. నీరు నిలిచే నేలలో అవి కుళ్ళిపోతాయి. కొమ్మలు కత్తిరించడం వేసవిలోనే చేయాలి. చలి, తేమ కలిసిన రోజులలో గాయాల గుండా తెగుళ్ళు ప్రవేశిస్తాయి.

ఇన్ని చూసినా, వాతావరణం సరిపడకపోతే శ్రమ వృథా. శీతల దేశాల చెర్రీకి ఏటా కొన్ని వందల గంటల గట్టి చలి కావాలి. లేకపోతే మొగ్గ సరిగా విచ్చుకోదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబం అక్కడి పెరటిలో చూసి మురిసిన చెట్టును గుంటూరులోనో వరంగల్లులోనో నాటితే, ఎన్నేళ్ళు ఎదురుచూసినా ఆ పూత దక్కదు. మన నర్సరీలలో 'సింగపూర్ చెర్రీ' అని అమ్మే మొక్క వేరొక కుటుంబానికి చెందినది. పండు పక్షులకు ప్రీతి, కాని పూత చిన్నది.

భారతదేశానికి తనదైన చెర్రీ లేకపోలేదు. ఆయుర్వేదం 'పద్మకం' అని పేర్కొనే హిమాలయపు చెర్రీ కుమావూ కొండలలోనూ, సిక్కింలోనూ, షిల్లాంగ్‌లోనూ చలికాలం ముంగిట గులాబీరంగుగా పూస్తుంది. షిల్లాంగ్‌లో 2016లో దాని పేరిట పూల ఉత్సవం ప్రారంభించారు. కొండప్రాంతంలో ఇల్లు ఉన్నవారికి అదే మొదటి ఎంపిక కాదగినది. మైదానాలలో ఉన్నవారికి దేవకాంచనం ఉన్నది, వేసవిలో బంగారు గుత్తులు వేలాడదీసే రేల ఉన్నది. ఎండకు ఓర్చి ఏటా పూసే ఆ చెట్లు, ఎన్నటికీ పూయని చెర్రీ కంటే పెరటికి ఎంతో శోభ.