రాత్రి ముహూర్తం, పొద్దున మారాం

అన్నవరం కొండ మీద పెళ్లి. ముహూర్తం రాత్రి రెండింటికి. నాలుగేళ్ల పిల్లాణ్నీ వెంట తీసుకెళ్లారు. కాసేపు అమ్మ భుజం మీద కునికాడు, బాజాలకి ఉలిక్కిపడి లేచాడు. తెల్లారాక ఇడ్లీ పెడితే మూతి తిప్పుకున్నాడు. విస్తరాకు పొట్లం విప్పి నాలుగు వేళ్లకీ ప్రసాదం మాత్రం తిన్నాడు. పదకొండింటికి చెప్పు దొరకలేదని దొర్లి దొర్లి ఏడ్చాడు. ‘దిష్టి తగిలింది’ అంది అమ్మమ్మ.

దిష్టి తీయండి, తప్పులేదు. కానీ ఆ ఏడుపు వెనక నిద్రా ఉంది, ఆకలీ ఉంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. ఐదేళ్ల వయసులో, విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో దాదాపు మూడింట రెండొంతులు మెదడే లాగేసుకుంటుంది. రాత్రంతా ఖాళీగా ఉన్న పొట్టతో పదకొండింటి దాకా లాగమంటే చిన్న ఒంటికి కష్టమే.

పెళ్లంటే ఒక్క రాత్రి. మన ఇళ్లలో చాలాచోట్ల రోజూ ముహూర్తమే కదా! నాన్న షాపు మూసి వచ్చేదే పదింటికి. ఆ తర్వాత భోజనం, టీవీ, ఫోను. పదకొండున్నరకి పడుకున్న పిల్లాణ్ని స్కూలు వ్యాన్ కోసం ఏడింటికి లేపితే కళ్లు తెరుస్తాడు గానీ ఆకలి లేవదు. నిద్రపుచ్చే మెలటోనిన్ ఇంకా పూర్తిగా దిగి ఉండదు. అందుకే ‘టిఫిన్ తినడు కాబట్టి చిరాకు’ అని తేల్చేయలేం. ఆలస్యంగా పడుకున్నవాడు తినడు, తిననివాడికి చిరాకు, ఆ చిరాకులో మధ్యాహ్నం మూడు గంటలు పడుకుంటాడు, రాత్రి మళ్లీ నిద్ర రాదు.

ప్రభుత్వాలు ఈ సమస్యని పేదరికం వైపు నుంచి చూశాయి. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఉదయం టిఫిన్ మొదలుపెట్టింది. మన రాష్ట్రం 2023 మార్చిలో బడిపిల్లలకి వారంలో మూడు రోజులు రాగిజావ ఇచ్చింది. మంచి పనులే. కానీ ఎల్‌కేజీకి వేలల్లో ఫీజు కట్టే ఇంట్లో పిల్లాడు ఖాళీ కడుపుతో వ్యానెక్కితే అడిగేవాళ్లెవరు?

ముందు పడుకునే వేళతో కుస్తీ పట్టకండి, లేచే వేళని ఖాయం చేయండి. ఆదివారమూ అంతే. లేవగానే కిటికీ తెరిచి వెలుతురు పడనివ్వండి, గంటలోపు ఏదైనా పెట్టండి. ఒంటిలోని గడియారానికి వెలుతురు ఒక కీ, తిండి రెండోది. మినప రొట్టె ముక్క, పెసరట్టు, పెరుగు కలిపిన చద్దన్నం, ఉడికించిన గుడ్డు... ఏదైనా సరే, కాస్త మాంసకృత్తులుంటే నెమ్మదిగా అరుగుతుంది. పాలల్లో ముంచిన బిస్కెట్ టిఫిన్ కాదు. స్వామి ప్రసాదమూ కాదు, గోధుమ నూకతో పాటు అందులో పంచదార, నెయ్యి దండిగా ఉంటాయి. కళ్లకద్దుకుని తినిపించండి, దాని తర్వాత ఇడ్లీ కూడా పెట్టండి.

టీ మాత్రం వద్దు. నిద్ర చెడగొట్టడమే కాదు, తిండిలోని ఇనుమునీ ఒంటపట్టనివ్వదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తగ్గిన పిల్లలు రాత్రి కాళ్లు కొట్టుకుంటూ కుదురుగా పడుకోరు, పగలు చిటపటలాడతారు. పాలిపోయినట్టున్నా, మట్టో బలపమో తింటున్నా, రోజూ గురక పెడుతున్నా పిల్లల డాక్టరుకి చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

ఇక పెళ్లికి తప్పక వెళ్లాల్సి వస్తే, తిరిగొచ్చిన మధ్యాహ్నం మూడింటికల్లా పిల్లాణ్ని లేపేయండి. ఆ కాసేపూ ఏడిస్తే ఏడవనివ్వండి.