మారుతల్లికి పంపవలసిన ఆహ్వానము

తెలుగు సాహిత్యములో సవతి తల్లికి మంచి పేరు దక్కుట అరుదు. ధ్రువుని తండ్రి తొడ నెక్కనీయని సురుచి, రాముని అడవులకు పంపిన కైక, సారంగధరుని కాలుసేతులు నరికించిన చిత్రాంగి: బడిపిల్లలకు సవతి తల్లి యనగానే జ్ఞప్తికి వచ్చువారు వీరే. అయితే భారతములో వేరొక కథ యున్నది. మాద్రి సహగమనము చేయుచు నకుల సహదేవులను కుంతి చేతిలో పెట్టినది. కుంతి వారిని తన బిడ్డలనుండి వేరుచేసి చూడలేదు. పాండవులు అడవులకు పోవునాడు సహదేవుని కనిపెట్టి యుండుమని ద్రౌపదికి ప్రత్యేకముగా చెప్పినది. యక్షుడు తమ్ములలో నొక్కనిని మాత్రమే బ్రతికింతునన్నపుడు ధర్మరాజు భీమార్జునులను విడిచి నకులుని కోరినాడు. కుంతికి తానొకడుండగా మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని అతని వాదము. తల్లికిని సవతి తల్లికిని నడుమ త్రాసును అంత నిక్కముగా పట్టినవాడు మరియొకడు కానరాడు. అయినను సామెతలలోనికి ఎక్కినది సురుచి జాతియే కాని కుంతి జాతి కాదు.

ఈ పాత ప్రశ్న నేడొక క్రొత్త చోట తలయెత్తుచున్నది. విదేశములలో స్థిరపడిన తెలుగు బిడ్డలు తలిదండ్రులను కొన్నియేండ్లపాటు తమయొద్ద నుంచుకొనుటకు వీసా దరఖాస్తులు పెట్టుచున్నారు. ఆ దరఖాస్తులో తండ్రి పేరుండును. తండ్రి రెండవ భార్య పేరు వ్రాయవలెనా, వ్రాసినచో ఏమని వ్రాయవలెను?

ఆస్ట్రేలియా సంగతి చూడదగినది. అచ్చట తలిదండ్రులకు శాశ్వత నివాసము కోరువారు వరుసలో దశాబ్దములు వేచియుండవలసిన స్థితి యేర్పడినది. 2019లో ఆ ప్రభుత్వము 870 అను సంఖ్యతో తలిదండ్రుల కొరకు తాత్కాలికపు వీసా నొకదానిని ప్రవేశపెట్టినది. దానిపై ఒకమారు మూడేండ్లో ఐదేండ్లో యుండవచ్చును. మొత్తము మీద పదియేండ్లు మించరాదు. ఐదేండ్లు గడిపినవారు మరల పొందవలెనన్న కనీసము 90 దినములు ఆ దేశము వెలుపల నుండవలెను. వచ్చినవారు ఉద్యోగము చేయరాదు, ఆరోగ్య బీమా యుండి తీరవలెను. పిలుచు బిడ్డకు తగిన ఆదాయమున్నదని ముందుగా ప్రభుత్వము ఆమోదింపవలెను. మొదట రుసుము మూడేండ్లకు 5,000, ఐదేండ్లకు 10,000 ఆస్ట్రేలియా డాలర్లుగా నుండెను. పిమ్మట ఇంకను పెరిగినది. ఇంత కట్టడి చేసిన ఆ నియమములు ఒక విషయములో మాత్రము ఉదారముగా నున్నవి. కన్నవారు, దత్తత చేసికొన్నవారు, అత్తమామలు మాత్రమే కాక సవతి తల్లియు మారుతండ్రియు గూడ ఆ వీసాకు అర్హులు. అక్కడి చట్టము తలుపు తెరచియే యున్నది. ఇక్కడి యింటివారే గడప దాటింపరు.

ఒక కుటుంబమును ఉదాహరణముగా ఊహింపవచ్చును. గుంటూరు సీమలో ఒక ఉపాధ్యాయుడు. భార్య కన్ను మూయునప్పటికి కొడుకునకు నాలుగేండ్లు. ఏడాది తిరుగకుండ ఆమె చెల్లెలినే వివాహమాడినాడు. అట్టి సంబంధములు తెలుగునాట అపూర్వములు కావు. పిల్లవాడు ఆమెను పూర్వము 'పిన్ని' యని పిలిచినాడు, పిమ్మటను అట్లే పిలిచినాడు. అన్నము కలిపి పెట్టినది, జ్వరము వచ్చిన రాత్రులు మేలుకొన్నది, పదవ తరగతి పరీక్షలకు తెల్లవారుజామున లేపినది ఆ పిన్నియే. ఆ పిల్లవాడు నేడు మెల్బోర్నులో ఉద్యోగి. దరఖాస్తులో 'సంబంధము' అను గడికి వచ్చుసరికి అతని కలము ఆగును.

'తల్లి' యని వ్రాయుదునా యని మొదట తోచును. హృదయమునకు అది సత్యము, కాగితమునకు కాదు. జనన ధ్రువపత్రము మీదను, పదవ తరగతి సర్టిఫికెట్టు మీదను ఉన్నది కన్నతల్లి పేరు. పేర్లు కలియనిచోట అధికారికి అనుమానము పుట్టును. ఆస్ట్రేలియా వీసా నియమములలో 4020 అను సంఖ్య గల నిబంధన ప్రకారము తప్పుడు సమాచారము నిచ్చినవారికి మూడేండ్లపాటు వీసా నిరాకరింపవచ్చును. ప్రేమతో వ్రాసిన అబద్ధమైనను అబద్ధముగానే లెక్కకు వచ్చును. ఇక రెండవది, పిలుపునకు తగినట్లు 'పిన్ని' యని తలచి, దానిని 'ఆంటీ' యని ఆంగ్లములోనికి మార్చుట. ఇది మరింత హాని. పిన్నికి ఆ వీసాలో చోటు లేదు. ముప్పదియేండ్లు తల్లియై పెంచిన స్త్రీ ఒక్క అనువాద దోషముతో దూరపు చుట్టమగును.

వ్రాయవలసినది సవతి తల్లి యనియే. కాని ఆ మాటకు తెలుగులో పట్టిన మసి యెంతటిదనగా, దానిని పరభాషలో వ్రాయుటకును చేయి వెనుదీయును. 'సవతి' యనగా భర్తకు గల వేరొక భార్య. ఆ మాటలోనే పోరు ఇమిడియున్నది. బిడ్డకును ఆమెకును గల సంబంధమును చచ్చిపోయిన స్త్రీతో గల స్పర్ధగా అది చెప్పును. 'మారుతల్లి' యను మాటకు ఆ దోషము లేదు. తల్లికి మారుగా వచ్చినదని దాని యర్థము. అంత చక్కని మాట యుండగా బడులలో గూడ 'సవతి' యనియే పలుకుట ఏమి మర్యాద?

కాగితముల విషయము ఉపాధ్యాయ కుటుంబములకు అనుకొన్నంత కష్టము కాదు. కన్నతల్లి మరణ ధ్రువపత్రము, తండ్రి పునర్వివాహపు నమోదు, ఈ రెండును ముఖ్యములు. ఆంధ్రప్రదేశములో వివాహముల నమోదును తప్పనిసరి చేసిన చట్టము 2002 నాటిది. అంతకు మునుపు గుడిలో జరిగిన పెండ్లిండ్లకు అనేకచోట్ల శుభలేఖయు, ఛాయాచిత్రమును తప్ప సాక్ష్యము లేదు. అయితే ప్రభుత్వోద్యోగి సర్వీసు రిజిస్టరులోను, పెన్షను పత్రములలోను భార్య పేరు వ్రాయబడి యుండును. నిన్నటివరకు బీరువాలో పడియున్న ఆ పత్రములు నేడామె స్థానమునకు సాక్ష్యములు. ఒక్క హెచ్చరిక మాత్రము అవసరము. మొదటి భార్య జీవించి, విడాకులు లేకుండ జరిగిన రెండవ పెండ్లి 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము చెల్లదు. అట్టి యింటి కథ వేరు.

స్వదేశపు చట్టమైనను ఈమెను తల్లిగా గుర్తించుటకు చాలకాలము తీసికొన్నది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టము వృద్ధులైన తలిదండ్రులను పోషింపవలెనని చెప్పుచు, సంతానము లేని సవతి తల్లిని మాత్రమే ఆ మాటలో చేర్చినది. 1996లో సుప్రీము కోర్టు క్రిమినల్ ప్రొసీజరు కోడులోని పోషణ నిబంధనను విచారించి, అందలి 'తల్లి' యనగా కన్నతల్లియే యనియు, సంతానము లేని సవతి తల్లి విధవయైనను, భర్త పోషింపజాలనివాడైనను కోరవచ్చుననియు తీర్పు చెప్పినది. 2007లో వచ్చిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ఈ మెలికలను త్రోసివేసి, సవతి తల్లియు సవతి తండ్రియు తలిదండ్రులే యని నిర్వచనములోనే చెప్పినది. అనగా నేడు ఆమె నన్నము పెట్టుట దయ కాదు, బాధ్యత. విదేశములో నున్న బిడ్డకు మాత్రము ఆ బాధ్యత సముద్రము దాటగనే తేలికయగునా?

కలతకు అసలు మూలము వేరొకచోట నున్నది. ఆ 870 వీసా క్రింద ఒక గృహమువారు ఒకమారు ఇరువురిని మించి పిలువరాదు. కొడుకు పక్షమున తండ్రి, మారుతల్లి. కోడలి పక్షమున ఆమె తలిదండ్రులు. నలుగురిలో ఇద్దరికే చోటు. కోడలి తల్లి పురుటికి రావలెను. ఆమె వచ్చిన భర్త రాకుండునా? లేదా తండ్రిని పిలుతురు, రెండవ చోటు వియ్యపురాలికి పోవును. ఏ లెక్కలోనైనను మొట్టమొదట కొట్టివేయబడు పేరు మారుతల్లిదే. ఆమె యేమియు అనదు. అనుటకు ఆమెకు హక్కున్నదని ఆ యింటిలో ఎవ్వరును ఆమెకు చెప్పలేదు. ఊరిలో తాళపుచెవులు, ఆవు, వరిమళ్ల కౌలు చూచుటకు ఆమె యున్నదిగదా యని అందరికిని నిశ్చింత.

అందరు మారుతల్లులును కుంతులు కారు, నిజమే. చిన్ననాట వాతలు తిన్న బిడ్డలున్నారు. వారిని పిలువుమని నిర్బంధించు హక్కు ఎవ్వరికిని లేదు. పోషణ చట్టముతో సాధింపవచ్చును కాని సహవాసము సాధింపరాదు. ఈ వాదము వారి గురించి కాదు. చక్కగా పెంచిన యామెను గూడ పేరుకు సిగ్గుపడి వెనుకకు నెట్టు బిడ్డలను గురించి మాత్రమే.

వీరు ఆలస్యము చేయుటయు మంచిది కాదు. ఆస్ట్రేలియా నిబంధనలలో 'సవతి బిడ్డ' యను మాటకు గల నిర్వచనము ప్రధానముగా ప్రస్తుత దాంపత్యముపై నిలిచియున్నది. తండ్రి జీవించియుండగా స్పష్టముగా నున్న సంబంధము ఆయన పోయిన పిదప న్యాయవాదులు తర్కింపవలసిన విషయమగును. అమెరికాలో వలస చట్టము వేరొక గీత గీచినది. బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండకమునుపే ఆ వివాహము జరిగియుండిన సంబంధమును అంగీకరించును. తండ్రియో తల్లియో మరణించినను, వాస్తవముగా ఆ కుటుంబ బంధము కొనసాగుచున్నచో అది చెల్లునని అక్కడి వలస విజ్ఞప్తుల బోర్డు 1971లో నిర్ణయించినది. న్యాయమునకు ఇదియే చేరువ. పెండ్లి నాటి కాగితముకన్న పెంచిన యేండ్లను లెక్కించు చట్టము మనుష్యుల నెరిగిన చట్టము.

తుదకు ఆమె యిష్టము నడుగవలెను. కొడుకు దరఖాస్తు నింపి సంతకమునకు పంపుట ఆహ్వానము కాదు. ఐదేండ్లు పరదేశములో, భాష తెలియని వీథిలో, పగలంతయు ఊయల నూపుచు కూర్చుండుటకే పిలుచుచున్నచో ఆ మాట ముందే చెప్పవలెను. పెన్షనుకు ప్రతి సంవత్సరమును జీవించియున్నట్లు ధ్రువపత్రము పంపవలెను. అది అక్కడినుండి ఎట్లు సాగునో, జబ్బుచేసిన బీమా ఏమి భరించునో, విసుగు పుట్టినపుడు తిరుగు టిక్కెట్టు ఎవరి చేతిలో నుండునో, ఇవన్నియు తెలుగులో, ఆమెకు చదువ వచ్చునట్లు, ఒక ఉత్తరముగా వ్రాసి పంపవలెను. తండ్రికి వేరుగా, ఆమెకు వేరుగా, ఆమె పేరుమీదనే.